చేతులు కడుక్కుని చదివిన ఉత్తరం

దిగవలసిన చోట దిగకపోవడం ఒక సంగతి, అసలు నేల మీదికే దిగకపోవడం ఇంకో సంగతి. అతనికి ఆ పొద్దున రెండూ ఒకేసారి జరిగాయి. విమానం తలుపులోంచి దూకినప్పుడు కింద పొలాలే కనిపించాయి, అప్పుడే తెల్లవారిన వెలుగులో పచ్చగా, పసుపుగా, ఎవరో ఉతికి ఆరేసిన దుప్పట్లలా. గాలి పక్కనుంచి ఒక్క తోపు తోసింది. పొలాలన్నీ జారిపోయి అడవి అంచు పైకి లేచి వచ్చింది, ఆకులు, కొమ్మలు, మొహం మీద చెళ్ళుమని ఏదో తగలడం, తొడల దగ్గర పట్టీలు ఒక్కసారిగా గుంజడం, ఆ తర్వాత అంతా ఆగిపోయింది. ఇప్పుడతను ఒక పెద్ద చెట్టుకు వేలాడుతున్నాడు. పారాచ్యూట్‌ని దళంలో అందరూ గొడుగు అనేవారు; ఆ గొడుగు పైన కొమ్మల్లో చిరిగి చిక్కుకుంది, దాని తాళ్ళు బిగిసి ఉన్నాయి, చేతికందే కొమ్మ ఒక్కటీ లేదు. కాళ్ళ కింద గాలి, ఆ గాలికి మూడు నిలువుల కింద కూలిపోతున్న ఒక రాతి గోడ. తుపాకీ సంచి దూకిన క్షణంలోనే ఎక్కడో ఊడిపోయింది. తాళ్ళు కోద్దామని కత్తి తీశాడు గానీ పట్టు తప్పి కత్తి జారింది, ఒక్క క్షణం చప్పుడే లేదు, తర్వాత రాయి మీద ఠంగుమంది. కోసుకుని ఉంటే ఆ చప్పుడు నేనే చేసేవాణ్ణి అనుకున్నాడు. నవ్వొచ్చింది. నవ్వొచ్చిన వెంటనే, పాతికేళ్ళైనా నిండని ఆ బుర్ర అలవాటు కొద్దీ ఇంకో మాట అనుకుంది: ఇది ఇంటికి రాయాలి.

రాయాలి, కానీ ఎలా మొదలుపెట్టాలి? "నాన్నా, నేను క్షేమం. ప్రస్తుతం ఒక చెట్టుకు కాసి ఉన్నాను. ఇంకా పండలేదు." బావుంది. షాపులో బాగా పేలుతుంది. రేడియో ఆ మాట దగ్గర కాసేపు ఆగి, కళ్ళజోడు పైనుంచి అందరినీ చూసి, అప్పుడు "ఇంకా పండలేదు" అని వార్తలు చదివినట్టు చదువుతాడు. రేడియో అంటే రిటైరైన గుమస్తా ఒకాయన, సైకిలుకు ఏ రోగం లేకపోయినా రోజూ తోసుకుంటూ నాన్న షాపుకు వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. నాన్నది సైకిళ్ళు బాగుచేసే షాపు. వెనక గదిలో కాపురం, ముందు గదిలో పని, అమ్మ పోయాక రెండు గదులకూ మధ్య తలుపు మూయడం కూడా మానేశారు. నాన్న చేతులకు ఎప్పుడూ గ్రీజే. చైను విప్పుతూనో, చక్రానికి బెండు తీస్తూనో, ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడినుంచి వస్తుందా అని చూస్తూనో ఉండేవాడు. పోస్టుమాన్ ఉత్తరం ఇస్తే చేత్తో అందుకోలేక మోచెయ్యి పైకెత్తి, "జేబులో పెట్టండి" అనేవాడు. తర్వాత బల్ల మీద ఎవరుంటే వాళ్ళతో, "మావాడు ఏదో రాసినట్టున్నాడు, కాస్త చదివి పెట్టండి" అని మళ్ళీ మోచెయ్యి ఎత్తేవాడు. రేడియో చదివేవాడు. పంక్చరుకు వచ్చినవాడు, గాలి కొట్టించుకోవడానికి ఆగినవాడు, దారినపోతూ నవ్వులు విని నిలబడ్డవాడు, అందరూ వినేవారు. అతను కాలేజీకి వెళ్ళిన మొదటి నెలలోనే ఈ సంగతి తెలిసిపోయింది. తెలిశాక ఒక్కరికి రాసినట్టు ఎలా రాస్తాడు? సభకు రాసినట్టే రాశాడు.

కాలేజీనుంచి వెళ్ళినవన్నీ ఆ తరహావే. "మా లెక్కల మాస్టారు మాతో మాట్లాడరు, బోర్డుతోనే మాట్లాడతారు. పరీక్షలో బోర్డు తప్పకుండా పాసవుతుంది, మా సంగతే తేలాలి." "హాస్టల్లో నీళ్ళు పొద్దున వస్తాయని రాసిపెట్టారు గానీ ఏ రోజు పొద్దునో రాయలేదు." "నా గదిలో ఉన్నవాడు నిద్రలో పాఠాలు అప్పజెప్తాడు, వాడి నిద్ర పాడుచేయకుండా నేను నోట్సు రాసుకుంటున్నాను." ఒక్కో ఉత్తరానికి ఒక్కో జవాబు వచ్చేది, కార్డు మీద నాన్న లావు అక్షరాలు, చక్రం ఊచల్లా విడివిడిగా: ఉత్తరం అందింది. అందరూ నవ్వారు. నువ్వెలా ఉన్నావు. ఆ చివరి మాటకు ప్రశ్నార్థకం కూడా పెట్టేవాడు కాదు. అందుకని అతను దాన్ని ప్రశ్నగా ఎప్పుడూ తీసుకోలేదు, ఉత్తరం కింద సంతకం లాంటిదేలే అనుకున్నాడు.

చీమలు వచ్చాయి. తాడు వెంట బారుగా దిగి, మెడ దగ్గర ఆగి, ఎటు వెళ్ళాలో ఆలోచిస్తున్నట్టున్నాయి. ఒక చేత్తో దులిపాడు, ఊగాడు, పైన కొమ్మ కిర్రుమంది, ఊపిరి బిగబట్టాడు. దూరంగా కాల్పులు. ఇందాక కుడివైపు వినిపించినవి ఇప్పుడు ఇంకా కుడిగా, ఇంకా సన్నగా. అంటే మనవాళ్ళు ముందుకు పోతున్నారు, లేకపోతే వెనక్కి పోతున్నారు, ఏదైనా అతన్ని వదిలిపెట్టే పోతున్నారు. అరవాలా? అరిస్తే ఎవరు వస్తారో తెలియదు. అడవి ఎవరిదో, గోడ ఎవరిదో, ఆ పొలాలు దున్నేవాళ్ళు ఎవరి పక్షమో తెలియదు. నోరు మూసుకో. కాళ్ళు ఆడించు. వేలాడుతూ ఉండిపోతే కాళ్ళు ఆడిస్తూ ఉండాలని, ఆడించకపోతే పట్టీల దగ్గర రక్తం నిలిచిపోయి మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడని శిక్షణలో చెప్పారు. చెప్పినాయన్ని అందరూ అత్తగారు అనేవాళ్ళు. మీసాలున్న అత్తగారు. మడత పెట్టిన గొడుగు మళ్ళీ విప్పించి మళ్ళీ మడత పెట్టించేవాడు, ఏం చేసినా మూతి విరిచేవాడు. "దూకేవాడికి తెలివి అక్కర్లేదురా, బుద్ధి ఉంటే చాలు" అనేవాడు. అదీ ఇంటికి రాశాడు. రేడియోకు అత్తగారంటే ఎంత ఇష్టమో, తర్వాత ప్రతి జవాబులోనూ నాన్న రాయాల్సి వచ్చేది, మీ అత్తగారు ఏమంటున్నారని రేడియోగారు అడగమన్నారు.

కాళ్ళు ఆడించాడు. ఎడమ కాలు కదిలినట్టుంది, కుడి కాలు కదిలిందో లేదో చూస్తే గాని తెలియలేదు. జ్వరంలో ఇలాగే ఉండేది, ఒళ్ళు తనది కానట్టు. ఏ జ్వరం? అదే, కాలేజీ రెండో ఏడు, సెలవులకు హాస్టలంతా ఖాళీ అయిపోయినప్పుడు. ఒక పరీక్ష తప్పి, మళ్ళీ రాయడానికి అతనొక్కడే ఉండిపోయాడు. పొడవాటి వరండా, రెండువైపులా తాళాలు వేసిన గదులు, వంటశాల మూసేశారు, కాపలా మనిషి సాయంత్రం ఒకసారి వచ్చి బావి దగ్గర కాళ్ళు కడుక్కుని పోయేవాడు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఒకరోజు కాపలా మనిషిని పలకరిద్దామని నోరు తెరిస్తే గొంతు ఎవరిదోలా వినిపించింది, ఎన్నాళ్ళనుంచో వాడలేదు కదా. ఆ మధ్యాహ్నం ఉత్తరం రాశాడు. జోకులు లేవు. నాన్నా, నాకిక్కడ ఎవరూ లేరు, జ్వరంగా ఉంది, చదువు ఎక్కడం లేదు, నేను మీరంతా అనుకునేటంత సరదా మనిషిని కాదు, ఇంటికి వచ్చేయాలనుంది. పోస్టు డబ్బాలో వేసిన మరుక్షణం ప్రాణం చివుక్కుమంది. డబ్బా నోట్లో చెయ్యి పెట్టి చూశాడు, అందలేదు. రేడియో గొంతు సవరించుకోవడం, బల్ల మీద జనం నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టుకోవడం, "నాకిక్కడ ఎవరూ లేరు" అని వార్తలు చదివినట్టు చదవడం, అన్నీ కళ్ళకు కట్టాయి. జవాబు కార్డు వచ్చింది. ఈసారి ఉత్తరం చేతులు కడుక్కుని చదివాను. జ్వరం తగ్గిందా. అంతే. దాన్ని ఎన్నిసార్లు చదివినా ఒకటే అర్థం తట్టింది: నీ ఏడుపు కోసం పని ఆపుకుని, చేతులు కడుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెంటనే కూర్చుని, ఆ జ్వరంలోనే, కాపలా మనిషి గురించీ బావి గురించీ కడుపుబ్బ నవ్వించే ఉత్తరం రాసి పంపాడు. అందరూ నవ్వారు అని జవాబు. ఇక ఆ తర్వాత తప్పు చేయలేదు.

యుద్ధం వచ్చింది. కాలేజీ గోడల మీద కాగితాలు అంటించారు, సగం తరగతి వెళ్ళి పేర్లు ఇచ్చింది, వాళ్ళతో అతనూ వెళ్ళాడు. ధైర్యంతో వెళ్ళాడా? చెట్టుకు వేలాడేవాడికి అబద్ధంతో పనేముంది? ఖాళీ హాస్టల్లో మళ్ళీ ఒక్కడే మిగలడం ఇష్టం లేక వెళ్ళాడు. అదీ నవ్వుల్లోనే రాశాడు: ఆకాశం నుంచి దిగే ఉద్యోగం దొరికింది, పై స్థాయి నుంచే మొదలు. ఈసారి జవాబు రావడం ఆలస్యమైంది. అందరూ నవ్వారు అన్న మాట అందులో లేదు. మందు బట్టలు తీసుకెళ్ళు అని ఉంది. మందపాటి బట్టలు అని రాయబోయి తడబడ్డాడని ఆలస్యంగా అర్థమైంది. మొదటిసారి దూకినప్పుడు "ముందు కాళ్ళు దూకాయి, ప్రాణం తర్వాత విమానంలో వచ్చి చేరింది" అని రాశాడు. దూకే ముందు తలుపు దగ్గర ప్యాంటు తడిసిందని రాయలేదు. మధ్యలో ఒకసారి సెలవు దొరికి ఇంటికి వెళ్ళాడు. నాన్న అతని ఉత్తరాలన్నీ వంచిన సైకిలు ఊచకు గుచ్చి పని గోడకు తగిలించాడు, చేపల గాలంలా ఉంది. అన్నింటి మీదా వేలిముద్రలే, రేడియోవి, ఇంకా ఎవరెవరివో, గ్రీజు, టీ మరకలు. జ్వరంనాటి ఉత్తరం వాటిలో లేదు. వెనక గదిలో సబ్బు కోసం వెతుకుతుంటే అలమరలో అమ్మ ఫొటో కింద కనిపించింది, నాలుగు మడతల్లో, ఒక్క మరక లేకుండా తెల్లగా. దానికి మాత్రం ఊచ గుచ్చలేదు. నలుగురిలో పరువు తక్కువని దాచేశాడు అనుకున్నాడు. పెట్టిన చోటే పెట్టేసి, షాపులోకి వచ్చి, బల్ల మీద కూర్చుని, అత్తగారిని అనుకరించి చూపించాడు. రేడియో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న కూడా నవ్వాడు, నవ్వుతూ చక్రం తిప్పుతూ, దాని బెండు చూస్తున్నట్టే కొడుకు మొహం చూశాడు.

ఇప్పుడు ఎడమ కాలు కూడా తెలియడం లేదు. చేతుల్తో తాళ్ళు పట్టుకుని ఒంటిని పైకి లాగితే పట్టీ కాస్త వదులైంది, కాసేపే, చేతులు అలిసి మళ్ళీ కిందికి. కళ్ళ ముందు మచ్చలు. మాస్టారు ఉంటే తాడుతో ఏదో ఉపాయం చెప్పేవాడు. మాస్టారు అంటే పక్క మంచం మనిషి, సైన్యంలో చేరకముందు చిన్నపిల్లలకు బొమ్మలు గీయడం నేర్పేవాడు, ముడులు వేయడంలో దిట్ట. ప్రతి ఉత్తరంలోనూ మాస్టారు ఉండేవాడు. మాస్టారి గురక, మాస్టారి బూట్లు, మాస్టారు అత్తగారి బొమ్మ గీసి దొరికిపోవడం. ఒకరోజు భుజం మీదుగా తొంగిచూసి చదివాడు.

"ఇదేంట్రా, మనమేదో విహారయాత్రకి వచ్చినట్టు రాశావు?"

"నిజం రాస్తే వినేవాళ్ళెవరు మాస్టారూ?"

"ఎవరో ఒకరు వింటారు. అవి వాళ్ళ పాట్లు. నీకెందుకు?" అని, తన మంచం మీదికి పోయి పడుకుని, కాసేపటికి మళ్ళీ అన్నాడు, "నువ్వు నవ్విస్తుంటే బాగుంటుందిరా. కానీ నువ్వెక్కడున్నావో తెలీదు."

మాస్టారి గొడుగు ఒక అభ్యాసంలో తెరుచుకోలేదు. అంతే, ఇంకో మాట లేదు. అతను అప్పటికే నేల మీద ఉన్నాడు, తన గొడుగు మడత పెట్టుకుంటున్నాడు, తలెత్తి చూశాడు, ఎవరో బొమ్మ విసిరేశారనుకున్నాడు. ఆ సాయంత్రం పక్క మంచం మీది దుప్పటి మడత పెట్టి తీసుకుపోయారు. అతను కాగితం తీసి ఇంటికి రాశాడు: వంటశాల కుక్క ఒకటి అత్తగారి బూటు ఎత్తుకుపోయింది, దళమంతా యుద్ధం మానేసి దాని వెంట పడింది. చాలా బాగా కుదిరిన ఉత్తరం. రాస్తున్నంతసేపూ చెయ్యి ఆగలేదు, ఒక్క కొట్టివేత లేదు. జవాబు వచ్చింది, అందరూ నవ్వారు, రేడియోగారు టీ ఒలకబోసుకున్నారు. కింద, కార్డు చివర, చోటు చాలక పక్కకు తిప్పి రాసిన ఒక వరుస: నీ పక్క మంచం మాస్టారి మాట ఈసారి రాయలేదేం.

దానికి జవాబు రాయలేదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం. ఈ లోపల విమానం ఎక్కమన్నారు. నాన్నకు ఎలా తెలిసింది? షాపులో ఆ గోలలో, పంపు చప్పుడులో, రేడియో ఆర్భాటంలో, కుక్క వెంట అందరూ పరిగెడుతుంటే, ఉత్తరంలో లేని మనిషిని ఎవరు చూస్తారు? ఒకసారి వింటే తెలిసేది కాదు. మళ్ళీ చదివి ఉండాలి. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని, రేడియో వెళ్ళిపోయాక, షాపు కట్టేశాక, ఒక్కడే. అలా అయితే ఆ చివరి మాట... నువ్వెలా ఉన్నావు. ప్రతి కార్డులోనూ, ప్రశ్నార్థకం లేకుండా. జ్వరం తగ్గిందా, దానికీ లేదు. నాన్న ఏ ప్రశ్నకూ గుర్తు పెట్టడు, బడికి వెళ్ళింది రెండేళ్ళే, అలాంటివి ఉంటాయని కూడా తెలియదేమో. నీళ్ళ తొట్టి పక్కన సబ్బు ముక్కతో నాన్న చేతులు రుద్దుకోవడం కనిపించింది, మోచేతుల దాకా, గోళ్ళ సందుల్లో పుల్లతో గీకి, మళ్ళీ రుద్ది, వాసన చూసుకుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు ఉత్తరం విప్పడం. మూడో మనిషి చెయ్యి పడకుండా. అందుకే మరకలు లేవు. పరువు కోసం కాదు. ఓరి దేవుడా, పరువు కోసం కానే కాదు. ఇన్నేళ్ళూ సభ ఉందనుకుని అరుస్తున్నాను, ఆయనేమో అందరూ లేచిపోయేదాకా ఆగి, ఒక్కడే కూర్చుని, నా మాట ఎక్కడైనా వినిపిస్తుందేమో అని వెతుక్కున్నాడు.

మచ్చలు పెద్దవయ్యాయి. తల వాలిపోతోంది, నిద్ర కూడా కాదు, ఇంకేదో తియ్యగా, ఇంక చాలు అన్నట్టు. ఆ తియ్యదనమే అతన్ని భయపెట్టింది. అరిస్తే శత్రువు రావచ్చు, అరవకపోతే ఎవరూ రారు, ఈ చీమలు తప్ప. నోరు తెరిచాడు. మొదట గాలే వచ్చింది. రెండోసారి గొంతు పెగిలింది: "ఎవరైనా ఉన్నారా? నేనిక్కడ ఉన్నాను!" తన భాషలోనే, ఇంకే భాష వస్తుంది గనక. అడవి ఆ మాటను తీసుకుని కాసేపు తనలో ఉంచుకుంది. మళ్ళీ అరిచాడు. మళ్ళీ. హాస్యం లేదు, ముస్తాబు లేదు, మేకపిల్ల అరిచినట్టుంది, ఉండనీ.

గోడ అవతల ఒక మనిషి కనిపించాడు. నడివయసు వాడు, చేతిలో గడ్డి ఎత్తే పంగలకర్ర, మట్టి పట్టిన బూట్లు. తల ఎత్తి చూశాడు. మొహంలో ఏమీ తెలియలేదు. చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. చెప్పడానికి వెళ్ళాడు, అనుకున్నాడు అతను. సరే, చెప్పనీ. కనీసం ఒకడికి తెలుసు, నేనిక్కడున్నానని. కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి చక్రాల చప్పుడు. ఆ మనిషే, గుర్రం కట్టిన బండి నిండా ఎత్తుగా పేర్చిన గడ్డి, గుర్రం కళ్ళెం పట్టుకుని ఒకామె, భార్యే కాబోలు, తలకు గుడ్డ కట్టుకుని, మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తూ. గోడ కూలిన సందులోంచి బండిని వెనక్కి నడిపించారు. గుర్రం మొండికేసింది, ఆమె దాని చెవిలో ఏదో తిట్టింది, తిట్టు అని మాత్రం తెలిసింది. మనిషి గడ్డి మీదికి ఎక్కాడు, నిలబడ్డాడు, తూలాడు, మళ్ళీ నిలబడ్డాడు. అతని బూటు ఒకటి పట్టుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు, తర్వాత రెండోది. కాళ్ళు బిగించి పైకి లేచాడు.

బరువు మారింది. పట్టీలు వదిలాయి. ఒక్క క్షణం హాయి, ఆ వెంటనే రక్తం కాళ్ళలోకి నిప్పులా పోయింది, అతను గావుకేక పెట్టాడు. కింద మనిషి కదల్లేదు. రెండు చేతుల్తో రెండు చీలమండలు గట్టిగా పట్టుకుని, వగరుస్తూ, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు, బెదిరిన గుర్రాన్ని బుజ్జగించినట్టు, మెల్లగా. ఆ మాటకు అర్థమేమిటో తెలియదు. ఎవరి పక్షమో ఇప్పటికీ తెలియదు. అతనికి ఏడుపొచ్చింది, మాటలొచ్చాయి, ఆపుకుందామన్నా ఆగలేదు. "నాకు చాలా భయమేసిందండీ. మాస్టారు పోయాడు. నా పక్క మంచమే. నేను చూశాను, పడుతుంటే చూశాను, ఎవరికీ చెప్పలేదు. మా నాన్న అడిగాడు, చెప్పలేదు." కింద ఆయన తన మాట ఆపలేదు, పైన ఇతను తన మాట ఆపలేదు, ఒకరిది ఒకరికి ముక్క అర్థం కాదు. ఆమె రోడ్డు వైపు చూసి గదిమింది. అప్పుడు అతని వేళ్ళకు గుండె దగ్గర పట్టీలన్నిటినీ కలిపే బిళ్ళ దొరికింది, తిప్పి నొక్కాడు, ఇద్దరూ కలిసి గడ్డిలో కూలబడ్డారు.

లేవబోతే కాళ్ళు లేవలేదు. ఆ మనిషి అతన్ని వెనక్కి నెట్టి పడుకోబెట్టాడు, ఆమె పంగలకర్రతో గడ్డి తీసి మీద కప్పింది, ఛాతీ మీద, మొహం మీద, ఊపిరికి మాత్రం చిన్న సందు. తుమ్ము వచ్చింది, మింగాడు. బండి కదిలింది. గడ్డి సందులోంచి చెట్టు కొమ్మలూ, తెల్లగా చిరిగిన గుడ్డా, తర్వాత ఖాళీ ఆకాశం. రోడ్డు మీదికి వచ్చాక ఎక్కడో మోటారు లారీలు పోతున్న చప్పుడు, ఆమె గుర్రాన్ని తొందరపెట్టకుండా మామూలుగా నడిపించింది. గడ్డి పక్కనుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి తడుముకుని అతని చీలమండ పట్టుకుంది. మనిషి బండి పక్కనే నడుస్తున్నాడు, ఎవరు చూసినా గడ్డి జారకుండా పట్టుకున్నాడనే అనుకుంటారు. కాలులో చురుకు మొదలైనకొద్దీ అతనికి ఆ వేళ్ళు ఒక్కొక్కటే తెలియడం మొదలైంది, మొరటుగా, వెచ్చగా. బండి ఆగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.